దుమ్ము నిలిచే చోటు

చీక్టొవాగాలో, విమానాలు చిమ్నీలని రాసుకుంటున్నట్టు దిగే వీధిలో
లియొకాడియా గారిల్లు.
అరవై ఆరులో కట్టింది. ఆ తర్వాత ఎవరూ దాన్ని పలకరించినట్టు లేదు.
చెక్కలా నటించే గోధుమరంగు పలకలు గోడలకి,
నారింజ తివాచీ, వేలితో తడితే డొల్లగా పలికే తలుపులు.
సీలింగు మరీ కిందికి, మన మాట వినడానికి వంగినట్టు.
నేనేమంత పొడుగు మనిషిని కాను,
అయినా లోపలికి రాగానే టోపీ తీసేశాను.

"కార్నీసు కావాలి," అందావిడ.
"గోడకి నడుమెత్తున చెక్క పట్టీలు,
తలుపులకి అటూ ఇటూ స్తంభాలు, పైన కిరీటాలు."
అమ్మా, ఎనిమిదడుగులు కూడా నిండని గది ఇది,
కిరీటం పెడితే తల మిగలదు, అన్నాను.
నవ్వలేదు.
"ఎమెట్, నువ్వు కొలువు. కిరీటాల సంగతి నాకొదిలెయ్."

కేటలాగు తెరిచి బల్ల మీద పెట్టాను.
మూసేసింది. నమూనా ముక్కలు తెమ్మంది.
తెచ్చాను, పదకొండు. పైన్‌వీ, పోప్లార్‌వీ,
పాత చర్చి కూలగొట్టిన రోజు నేను దాచుకున్న ఓక్ ముక్క ఒకటి.
కళ్ళు మూసుకుని
చూపుడువేలి చివరతో ఒక్కొక్కదాన్నే చదివింది.

"ఇది డెలవేర్ అవెన్యూ డాక్టరు గారి భోజనాల గది.
ఇది వాళ్ళ పియానో మీద.
ఇది... వద్దు. ఈ పళ్ళ వరస వద్దు.
పంటికీ పంటికీ మధ్య ఒక్కో శుక్రవారం పోతుంది."

అప్పుడు తెలిసింది.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఇంకొకరి ఇళ్ళలో నిచ్చెనెక్కి
ఈ వంపులన్నీ తుడిచిన వేలు అది.
నేను చెక్కుతాను, చెక్కు పుచ్చుకుంటాను, వెళ్ళిపోతాను.
దుమ్ము ఏ వంపులో కాపురం పెడుతుందో
ఏ వంపు మీంచి జారిపోతుందో
నా నలభై ఏళ్ళ చిత్రిక ఎన్నడూ అడగలేదు.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
విప్పి చూడమని ఎవరూ అనలేదు, సిగ్గుపడి కాబోలు.
పలకలు పీకితే వెనక కాజిమిర్ గారి పెన్సిలు:
కూడికలు, ఏడుకి అడ్డగీత, ఒక చోట పావంగుళం తప్పు,
తప్పు కింద పోలిష్‌లో ఒక మాట.
ఏమిటని అడిగాను.
"స్టీలు ఫ్యాక్టరీలో నేర్చుకున్న మాట," అని
కిటికీ వైపు తిరిగింది.

ఆ పావంగుళం గదంతా తిరిగి తిరిగి
తలుపు దగ్గర ముప్పాతికై కూచుంది.
మూలమట్టం పెడితే ఏ మూలా మూల కాదు.
వంకర గోడకి తిన్నటి చెక్క కొడితే
వంకర ఎవరిదో వీధిలో వాళ్ళకీ తెలిసిపోతుంది.
అందుకని చెక్కకే కాస్త వంకర నేర్పాను,
గోడని ఒక్క మాట అనకుండా.

మూడు వారాలు. బయట మంచు, లోపల రంపంపొట్టు.
చివరికి చిన్నదే నిలిచింది, రెండున్నరంగుళాల వంపు.
డాక్టరు గారి హాల్లోది కాదు,
పనివాళ్ళ మెట్ల దగ్గరున్న రకం.
"అక్కడ కూచుని తినేదాన్ని," అంది.
"తలెత్తితే అదే కనపడేది."
పెద్దది అమ్మితే నాకు లాభం.
నోట్లో మేకులున్నాయి, ఏమీ అనలేదు.

రంగు ఆవిడే వేసింది, రెండు పూతలు.
డెబ్బై నాలుగేళ్ళ మనిషి,
నిచ్చెనైనా పట్టుకోనివ్వలేదు.

మార్చిలో మిగిలిన డబ్బు కోసం వెళ్ళాను.
ఎండ ఏటవాలుగా పడుతోంది,
కార్నీసు పొడుగునా సన్నటి బూడిదరంగు గీత.
అలవాటు కొద్దీ జేబులో గుడ్డ తీయబోయాను.
"ఉండనీ," అంది, కాఫీ పోస్తూ.
"ఇవాళ శుక్రవారం. నాకు పనిలేదు."

ఇంకేదో అనబోయి, విమానం వెళ్ళేదాకా ఆగింది.
వెళ్ళాక, వెనక గది తలుపు కింద రాసుకుంటోందని చెప్పింది.
చూశాను. నిజమే.
వ్యాన్లోంచి చిత్రిక తెచ్చుకున్నాను.